ఎస్సేలో "మేము" తీసేస్తే మీరెక్కడ?

ఎంబీఏ సీటు కోసం బిజినెస్ స్కూల్‌కి దరఖాస్తుతో పంపిన నా మొదటి ఎస్సేలో "వియ్" (మేము) అన్న మాట పదిహేడు సార్లు ఉంది. లెక్కపెట్టింది నేను కాదు, అప్పటికే ఎంబీఏ చేసిన మా పెద్దమ్మ కూతురు. అన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, "ఇందులో నువ్వెక్కడున్నావే?" అంది. అప్పటికే మూడు స్కూళ్లకు పంపేశాను, మూడూ కాదన్నాయి. స్కోరు బాగానే ఉంది మరి!

స్కోరు సంగతి ముందే తేల్చేద్దాం. బిజినెస్ స్కూళ్లు అడిగే ప్రవేశ పరీక్ష జీమ్యాట్. ఇప్పటి జీమ్యాట్‌లో మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 45 నిమిషాలు, మొత్తం 64 ప్రశ్నలు. స్కోరు 205 నుంచి 805 దాకా. కాబట్టి ఎప్పుడో పాత పరీక్ష రాసినవాళ్లు "700 దాటావా?" అని అడిగితే టెన్షన్ పడకండి. పాత 700కి దీటైనది ఇప్పుడు 645 దగ్గర ఉంటుంది. మళ్లీ రాయాలంటే 16 రోజులు ఆగాలి. స్కూలు చెప్పే సగటుకు దగ్గర్లో ఉంటే మూడోసారి రాయడం మానేసి, ఆ నెల ఎస్సేలకు పెట్టండి. నేను మొదటి ఏడాది సరిగ్గా ఇక్కడే తప్పు చేశాను.

ఎస్సే మొదలుపెట్టే ముందు పాత అప్రైజల్ ఫారాలు, పంపిన మెయిళ్లు తెరిచి, ఉద్యోగంలో చేరిన నెల నుంచి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ప్రతి పనికీ నాలుగు విషయాలు: నేను రాకముందు ఎలా ఉంది, నేనేం చేశాను, ఎవరు వద్దన్నారు, చివరికి ఏం మారింది. మూడోది వదలొద్దు. ఎవరూ వద్దనని పనిలో మీ నాయకత్వం చూపించడం కష్టం.

నాది బ్యాంకు ప్రాజెక్టులో టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని. మొదటి ఎస్సేలో "మా టీమ్ సామర్థ్యాన్ని గణనీయంగా పెంచింది" అని రాశాను. ఆ వాక్యం ఎవరైనా రాసుకోవచ్చు. జరిగింది వేరు. ప్రతి రిలీజుకు (కొత్త వెర్షన్ విడుదలకు) ముందు 410 టెస్ట్ కేసులు, అంటే ఒక్కో పరీక్ష, చేత్తో నడిపేవాళ్లం, నాలుగు రాత్రుళ్లు పట్టేది. ఏడాదిన్నరలో దొరికిన డిఫెక్టులు (తప్పులు) తవ్వి చూస్తే 260 కేసుల్లో ఎప్పుడూ ఏమీ దొరకలేదు. వాటిని పక్కన పెడదామంటే మా లీడ్ ఒప్పుకోలేదు. "ఏదైనా తప్పిపోతే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు. నిజానికి ఆయన భయం న్యాయమైనదే. రెండు రిలీజులు పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో పక్కపక్కనే నడిపి చూపించాను. నాలుగు రాత్రుళ్లు రెండయ్యాయి. రెండో ఏడాది ఇదే రాశాను, ఆయన అభ్యంతరంతో సహా.

"ఎంబీఏ ఎందుకు" అన్నదానికి మా ఇంట్లోనే జవాబుంది, నాకే కనపడలేదు. మా నాన్న తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు గుమాస్తా. ధాన్యం కొనే సీజన్లో చేతిలో డబ్బాడక యజమాని పడే తిప్పలు చిన్నప్పటి నుంచి చూశాను. చిన్న మిల్లులకు అప్పులిచ్చే పనిలోకి వెళ్తానని రాస్తే నా బ్యాంకు సాఫ్ట్‌వేర్ అనుభవం దానికి అతికింది. అంతకుముందు "కన్సల్టింగ్" అని రాశాను, అందరూ రాస్తున్నారని.

స్కూలు ఎంచుకునేటప్పుడు కోర్సు ఎన్నాళ్లో చూడండి. గచ్చిబౌలి, మొహాలీల్లో ఉన్న ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)లో ఎంబీఏ లాంటి పీజీపీ ఏడాది కోర్సు, మధ్యలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉండదు. ఐఐఎంల రెండేళ్ల కోర్సులో ఉంటుంది. పూర్తిగా కొత్త రంగంలోకి దూకాలనుకునేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. అయితే చాలా ఐఐఎంలు తమ ప్రవేశ పరీక్ష క్యాట్‌తో పాటు పది, ఇంటర్, డిగ్రీ మార్కులూ లెక్కలోకి తీసుకుంటాయి. వాటిని ఇప్పుడు మార్చలేం.

డిగ్రీలో బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉంటే దాచొద్దు. నాకు ఎం3, అంటే మూడో లెక్కల పేపరు, పోయింది. ఇష్టముంటేనే రాసే ఆప్షనల్ ఎస్సేలో మూడే వాక్యాలు రాశాను: పోయింది, ఎందుకు పోయింది, తర్వాత లెక్కల్లో ఏం సాధించాను. నాలుగో వాక్యం రాస్తే సాకులా వినిపిస్తుంది.

ఇక రికమెండేషన్, అంటే మీ గురించి మీ పైవాళ్లు స్కూలుకు రాసే లేఖ. పెద్ద హోదా ఉన్న వైస్ ప్రెసిడెంట్ కంటే మీ పని రోజూ చూసిన మేనేజరే నయం. మన ఆఫీసుల్లో వచ్చే జవాబు మీకు తెలిసిందే: "నువ్వే రాసి పంపమ్మా, నేను సబ్మిట్ కొడతా." ఒప్పుకోవద్దు. అది నిబంధనలకు విరుద్ధం, పైగా ఎస్సే, రికమెండేషన్ రెండూ ఒకే చేత్తో రాసినట్టు తెలిసిపోతుంది. "సార్, మీ మాటల్లోనే కావాలంటున్నారు, మీకు గుర్తు రావడానికి నా పనులు అరపేజీ రాసిస్తాను" అనండి. ఆ అరపేజీలో పొగడ్తలు పెట్టకండి, సంఘటనలు, తేదీలు చాలు.

పెద్ద స్కూళ్లలో దరఖాస్తుల మొదటి రౌండు చాలావరకు సెప్టెంబరులోనే ముగుస్తుంది కాబట్టి జూలైలోనే అడగండి. ఆయన సెలవులు కూడా కనుక్కోండి. మా సార్ చివరి వారంలో కుటుంబంతో తిరుమల వెళ్లారు. రికమెండేషన్ పంపడానికి స్కూలు మెయిల్ చేసిన లింకు రాలేదంటారు. ఆఖరి రోజు రాత్రి పదింటికి కొండ మీద ఉన్న మనిషికి ఫోన్ చేసి, స్పామ్ ఫోల్డర్ ఎలా తెరవాలో చెప్పాల్సి వచ్చింది.