మామిడి కొమ్మ కొట్టించాక చెట్టు పాడైందా? ముందు కోత చూడండి

పెరట్లో ఇరవై ఏళ్ల మామిడి ఉన్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "కొమ్మలు కొట్టించాక చెట్టు పాడైందండీ, ఏం మందు వేయమంటారు?" మందు సంగతి తర్వాత. ఏ నెలలో కొట్టించారు, కోత ఎక్కడ పడింది? ఈ రెండూ చూడకుండా మందుల షాపుకు పరిగెడితే డబ్బులు దండగ.

పూత లేదు, చెట్టంతా ఆకే

దసరాకో దీపావళికో ఇల్లు శుభ్రం చేయిస్తూ, పనిలో పనిగా కొమ్మలూ కొట్టించి ఉంటారు. మామిడి పూసేది ముదిరిన రెమ్మల కొసన. అక్టోబరులో ఆ కొసలు తీసేస్తే, తర్వాత వచ్చే చిగురు సంక్రాంతికి ఇంకా లేతగానే ఉంటుంది. కొట్టించాల్సింది కాయలు దింపిన వెంటనే, జూన్-జూలైలో. ఈ ఏటి పూత మీద ఆశ వదులుకోండి, వచ్చే కాపు దిగేదాకా కత్తి ముట్టుకోకండి.

నెల సరిగ్గానే ఉందంటారా? వంటింటి నీళ్ల గొట్టం చెట్టు మొదట్లోకి ఉందేమో చూడండి. పూతకు ముందు చెట్టుకు కొన్నాళ్లు నేల ఎండాలి. పైగా బంగినపల్లి ఒక ఏడు విరగకాసి మరుసటేడు ముఖం చాటేసే రకం.

నిటారుగా, కర్రల్లా గుబురు కొమ్మలు

చెట్టుకు పైనుంచి గుండు కొట్టించారన్నమాట. ఒక్కో మోడు దగ్గర బయటివైపు పోతున్న రెండు కొమ్మలు ఉంచి, మిగతావి లేతగా ఉండగానే తీసేయండి. ఒకేసారి వద్దు, రెండేళ్లలో సరిచేయండి. ఏ ఏడాదైనా నాలుగో వంతు ఆకుకు మించి తీయకండి.

కోసిన చోట బంక, తర్వాత తొర్ర

ఇది నన్నూ ముంచింది. మా చిన్నరసం చెట్టుకు సజ్జ మీదికి వచ్చిన తొడంత లావు కొమ్మను దగ్గరుండి కోయించాను. చేత్తో నిమిరితే తగలకుండా మానుకు సమంగా, నున్నగా. మైలుతుత్తం, సున్నం కలిపిన పేస్టు కూడా పూశాను. రెండేళ్లు బాగానే ఉంది. మూడో ఏడు వానల్లో కోత మధ్య వేలు పెడితే లోపలికి దిగిపోయింది. తడి పొట్టు, చీమలు.

తప్పు పేస్టుది కాదు, ఆ నునుపుది. కొమ్మ మానులోంచి బయటికి వచ్చే చోట బెరడు ముడతలు పడి ఉంగరంలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మానుది, కొమ్మది కాదు. గాయాన్ని మూసే కొత్త బెరడు అక్కణ్ణుంచే రావాలి. చెట్టు మనలా పుండు మాన్పుకోదు, దాన్ని లోపల పెట్టి మూసేసుకుంటుంది. ఉబ్బును కోసేశామంటే తలుపే పీకేసినట్టు. అలాగని జానెడు మోడు వదిలినా ముప్పే. అది ఎండిపోయి, కుళ్లును లోపలికి మోసుకెళ్తుంది.

పాత కోతను ఇలా పరీక్షించండి. చుట్టూ గారెలా గుండ్రంగా కొత్త బెరడు వచ్చిందా, కోత సరైనదే, వదిలేయండి. రెండు పక్కలే వచ్చి పైనా కిందా రాలేదా, ఉబ్బు తెగింది. దానికి తిరిగి అతికించే మందు లేదు. తొర్రను గీకొద్దు, సిమెంటు కూరొద్దు, తడి లోపలే ఉండిపోతుంది. కత్తిపిడితో మాను తట్టి చూడండి. డొల్ల మోత వస్తే పైనున్న బరువు తగ్గించండి, ముఖ్యంగా ఇంటిమీదికి ఉన్న వైపు. మోడు వదిలేసి ఉంటే మాత్రం పని సులువు, కొత్త బెరడుకు తగలకుండా ఎండుభాగం వరకూ కోసేయండి.

ఇకముందు లావు కొమ్మను మూడు కోతల్లో తీయించండి. మానుకు అడుగు దూరంలో కిందినుంచి మూడో వంతు లోతు. దానికి కాస్త అవతల పైనుంచి, కొమ్మ తెగేదాకా. బరువు పోయాక ఉబ్బుకు ఆనుకుని బయట, చివరి కోత. మొదటిది ఎగ్గొడితే కొమ్మ జారుతూ మాను బెరడును చీల్చుకుపోతుంది. గొడ్డలి కాదు, రంపం. చెట్టెక్కే మనిషికి నేను నోటితో చెప్పడం మానేశాను, సుద్దముక్కతో గీత గీసి ఇస్తున్నాను. పేస్టుకు మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు. ప్లాస్టిక్ బకెట్లో కలపండి, ఇనప డబ్బాలో వద్దు.

మిగతావి

బెరడు కింద రంపపు పొట్టు రాలుతుంటే కాండం తొలిచే పురుగు. రంధ్రంలో తీగ దూర్చి లాగేయండి. కొమ్మ మీద వేరే రకం ఆకుల గుత్తి కనబడితే బదనిక. అది పట్టిన చోటుకు అడుగు కిందికి కోసేయండి. ఎండ తగిలి కొత్తగా బయటపడిన కొమ్మ బెరడు పగిలితే సున్నం పూయండి. కొమ్మ కరెంటు తీగకు దగ్గరుంటే మీరు ముట్టుకోకండి, కరెంటు ఆఫీసుకు చెప్పండి.