ఇంట్లోనే కారుకు పాలిష్, వ్యాక్స్

పాలిష్, వ్యాక్స్ ఒకటి కావు: పాలిష్ రంగుపై ఉన్న పారదర్శక పూతను అతి స్వల్పంగా అరగదీసి సన్నని గీతలను తగ్గిస్తుంది, వ్యాక్స్ ఆ తర్వాత రక్షణ పొరగా నిలుస్తుంది. ఆ పూత సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్ల మందమే ఉంటుంది కనుక పాలిష్‌ను తరచుగా చేయకపోవడమే మంచిది.

ముందుగా కారు షాంపూతో కడిగి తడి ఆర్చాలి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గుడ్డ కింద చిక్కి కొత్త గీతలు పెడుతుంది. మన ఎండలకు బానెట్ త్వరగా కాలిపోతుంది కాబట్టి, నీడలో, లోహం చేతికి చల్లగా తగిలినప్పుడే పని మొదలుపెట్టి, ఒక్కో భాగానికి పాలిష్ రుద్ది తుడిచాక, వ్యాక్స్‌ను వీలైనంత పలుచగా పూసి, అది ఆరి మసకబారగానే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడవడమే కష్టమవుతుంది. నల్లని ప్లాస్టిక్ భాగాలపై తెల్ల మరకలు పడకుండా ముందే మాస్కింగ్ టేపు అతికించండి.