వీపీఎన్‌లోకి ఏది వెళ్లాలో, ఏది వెళ్లకూడదో కమాండ్ లైన్‌లో చెప్పడం ఎలా?

గుంటూరు నుంచి బెజవాడ వెళ్లే లారీని ప్రకాశం బ్యారేజీ మీదికి రానివ్వరు, వారధి మీదుగా పోవాల్సిందే. స్కూటరు బ్యారేజీ మీదుగా పోవచ్చు. రెండూ చేరేది ఒకే ఊరు, దారి మాత్రం బండిని బట్టి. లినక్స్‌లో ఐపీ రూల్ చేసేదీ ఇదే. మామూలు రౌటింగ్ టేబుల్ (దారుల పట్టిక) ప్యాకెట్, అంటే డేటా ముక్క, ఎక్కడికి పోతోందో చూస్తుంది. రూల్ అయితే ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా చూస్తుంది.

మాకు గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఆఫీసు, విజయవాడ వన్‌టౌన్‌లో షాపు. మధ్యలో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్, అంటే ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లనూ కలిపే రహస్య దారి. గుంటూరు స్టాటిక్ ఐపీ (మారని అడ్రసు) నుంచి వస్తేనే బ్యాంకు పోర్టల్ లాగిన్ కానిస్తుంది. కాబట్టి షాపులో అకౌంట్స్ కంప్యూటర్ 192.168.1.50 ఒక్కటే టన్నెల్లోంచి వెళ్లాలి. సీసీ కెమెరాలు, కుర్రాళ్ల ఫోన్లు షాపు లైన్లోనే పోవాలి. షాపులో రౌటర్‌గా పనిచేస్తున్నది ఒక చిన్న లినక్స్ పెట్టె. కింది పనులన్నీ దాంట్లోనే.

కమాండ్లను చదివినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు సుడో (అడ్మిన్ హక్కులిచ్చే మాట) పెట్టి కొట్టండి.

ముందు తాడు కట్టుకోండి

మొదటిసారి నేను గుంటూరులో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి కమాండ్లు కొట్టే పద్ధతి) షాపు పెట్టెలోకి వెళ్లి టన్నెల్ ఆన్ చేశాను. స్క్రీన్ అక్కడే బిగుసుకుపోయింది. రెండు నిమిషాల్లో బావమరిది ఫోను: "బావా, నెట్ మొత్తం పోయింది, బిల్లు కూడా కొట్టలేకపోతున్నా!" పెట్టె నాకు పంపాల్సిన జవాబులు కూడా టన్నెల్లోకి దూరిపోయాయి. రాత్రి బస్సెక్కి వెళ్లి రీస్టార్ట్ చేసొచ్చాను.

ఇప్పుడు ఏ మార్పు చేసినా ముందు ఇది కొడతాను:

షట్‌డౌన్ -ఆర్ +5

చేత్తో పెట్టిన రూల్స్ రీస్టార్ట్ అయితే చెరిగిపోతాయి. పని చెడితే ఐదు నిమిషాల్లో పెట్టె తనంతట తానే పాత స్థితికి వస్తుంది. పని బాగుంటే షట్‌డౌన్ -సి కొట్టి రద్దు చేయండి. అది మర్చిపోతే మంచి బేరం మధ్యలో షాపు నెట్ పోతుంది, అదొక టెన్షన్.

వైర్‌గార్డ్‌ను దారుల జోలికి రానివ్వకండి

షాపు వైపు కాన్ఫిగ్‌లో అలౌడ్‌ఐపీస్ 0.0.0.0/0 (అంటే అన్ని అడ్రసులూ) అని ఉంటే, టన్నెల్‌ను ఆన్, ఆఫ్ చేసే డబ్ల్యూజీ-క్విక్ కమాండు మొత్తం ట్రాఫిక్‌ను టన్నెల్లోకి తిప్పేస్తుంది. నా బస్సు ప్రయాణానికి కారణం ఇదే. చాలామంది ఇక్కడ ఆ 0.0.0.0/0 తీసేస్తారు. తీయకూడదు. ఆ లైను దారి చూపడమే కాదు, ఏయే అడ్రసుల ప్యాకెట్లను టన్నెల్ ఒప్పుకోవాలో కూడా చెబుతుంది. తీసేస్తే రూల్ పంపిన ప్యాకెట్‌ను వైర్‌గార్డే పడేస్తుంది. దాన్ని అలాగే ఉంచి, ఇంటర్‌ఫేస్ భాగంలో టేబుల్ = ఆఫ్ అని ఒక్క లైను చేర్చండి.

గుంటూరు వైపు కాన్ఫిగ్‌లో అలౌడ్‌ఐపీస్‌కు 192.168.1.50/32 చేర్చాలి. అక్కడ ఫార్వర్డింగ్ (వచ్చిన ప్యాకెట్‌ను ముందుకు పంపడం), మాస్కరేడ్ (దాన్ని గుంటూరు అడ్రసుతో బయటికి పంపడం) ఆన్‌లో ఉండాలి. రెండు చోట్లా 192.168.1 నెట్‌వర్కే ఉంటే ఒకటి మార్చేయండి, లేకపోతే తలనొప్పే.

రూల్ పెట్టడం

ఐపీ రూల్ షో కొడితే 0, 32766, 32767 అని మూడు లైన్లు కనిపిస్తాయి. చిన్న నంబరును ముందు చూస్తుంది. 32766 అంటే మామూలు దారులుండే మెయిన్ టేబుల్‌ను చూడమనే రూల్. మన రూల్ దానికన్నా ముందు పడాలి, అందుకే 1000 ఇస్తున్నాను. ఈ వరసలోనే కొట్టండి (డబ్ల్యూజీ0 మన టన్నెల్ పేరు, 100 మనం కొత్తగా పెట్టే టేబుల్ నంబరు):

ఐపీ రూట్ యాడ్ అన్‌రీచబుల్ డీఫాల్ట్ మెట్రిక్ 9999 టేబుల్ 100
ఐపీ రూట్ యాడ్ డీఫాల్ట్ డెవ్ డబ్ల్యూజీ0 టేబుల్ 100
ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 192.168.1.50 లుకప్ 100 ప్రయారిటీ 1000

మొదటి లైను అనవసరం అనిపిస్తుంది. కానీ డబ్ల్యూజీ0 ఆగిపోతే రెండో లైను దానంతటదే మాయమవుతుంది. మొదటి లైను లేకపోతే అప్పుడు టేబుల్ 100 ఖాళీ, వెతుకులాట మెయిన్ టేబుల్‌కు జారుతుంది, అకౌంట్స్ ట్రాఫిక్ టన్నెల్ లేకుండా షాపు లైన్లోంచి బయటికి పోతుంది. ఎవరికీ తెలియదు కూడా. అన్‌రీచబుల్ ఉంటే అక్కడే ఆగుతుంది.

సరిచూడటం

ఐపీ రూట్ గెట్ 1.1.1.1 ఫ్రమ్ 192.168.1.50 ఐఐఎఫ్ ఈటీహెచ్1

1.1.1.1 అంటే బయటి అడ్రసు ఏదో ఒకటి. ఈటీహెచ్1 అంటే షాపు లోపలి వైపు పోర్టు, మీ పెట్టెలో పేరు వేరుగా ఉండొచ్చు. జవాబులో డబ్ల్యూజీ0, టేబుల్ 100 కనిపించాలి. ఒక ఫోను అడ్రసుతో కూడా అడగండి, అది షాపు లైను చూపాలి. డబ్ల్యూజీ షో కొడితే చివరి హ్యాండ్‌షేక్ (రెండు వైపులా పలకరించుకోవడం) ఎప్పుడో తెలుస్తుంది. చిన్న పేజీలు వచ్చి పెద్దవి గిరగిరా తిరుగుతుంటే టన్నెల్ ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1420 నుంచి 1380కి తగ్గించి చూడండి.

శాశ్వతం చేయడం

డబ్ల్యూజీ0 రూట్‌ను మాత్రమే కాన్ఫిగ్‌లో పోస్ట్‌అప్ (టన్నెల్ ఆన్ అయ్యాక నడిచేది) లైనుగా రాయండి. రూల్, అన్‌రీచబుల్ రెండూ బూట్ అయ్యేటప్పుడు నడిచే చిన్న సిస్టమ్‌డీ సర్వీసులో పెట్టండి. వీటిని కూడా టన్నెల్‌తో పాటు పోయేలా పోస్ట్‌డౌన్‌లో (టన్నెల్ ఆగాక నడిచే లైను) చెరిపేస్తే, పెట్టిన కాపలా అవసరమైన రోజే ఉండదు.

ఆఖరుగా డబ్ల్యూజీ-క్విక్ డౌన్ డబ్ల్యూజీ0 కొట్టి, అకౌంట్స్ కంప్యూటర్లో ఏదైనా పేజీ తెరవండి. అది రాకూడదు. పక్కనే కుర్రాడి ఫోన్లో వీడియో మాత్రం ఆగకుండా నడుస్తూ ఉండాలి.