హకాతాలో బండి తిండి: గైడు ఉన్నారు కదా అనుకునే ముందు

పోయిన చలికాలం మా పిన్నీ బాబాయీ జపాన్‌లో నేనుండే ఫుకువోకా వచ్చారు, హకాతా అన్నా ఈ ఊరే. వాళ్లకి యతాయ్‌లు, అంటే ఇక్కడి తిండి బండ్లు చూపించాల్సిన సాయంత్రం నాకు ఆఫీసులో పని పడింది. దాంతో ఇక్కడి ఒక గైడు అమ్మాయిని మాట్లాడి, 'ఒకరు వెజిటేరియన్' అని మెసేజ్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఆ అమ్మాయి పాపం ఎంతో శ్రద్ధగా ఓదెన్, అంటే రసంలో ఉడికించిన ముక్కలు అమ్మే బండికి తీసుకెళ్లి పిన్నికి ముల్లంగి ముక్క ఇప్పించింది. భలే ఉందని పిన్ని ఇంకోటి కూడా వేయించుకుందట. రాత్రి బాబాయి ఫోన్లో ఫొటో చూస్తే అసలు సంగతి తెలిసింది. ఆ ముల్లంగి ఉడికింది చేప రసంలో, పక్కనే పుల్లకి గుచ్చిన గొడ్డు నరాలతో కలిసి. బాబాయికి చెప్పాను. పిన్నికి ఇప్పటికీ చెప్పలేదు.

తప్పు గైడుది కాదు, నాది. జపాన్‌లో 'మాంసం తినరు' అంటే గిన్నెలో మాంసం ముక్క కనిపించకూడదని అనుకుంటారు. రసంలో ఏముంది, పిండిలో ఏం కలిపారు, పైన ఏం చల్లారు అన్నది చాలామంది లెక్కలోకే తీసుకోరు. మనం అడగమని చెప్పనిది గైడు కూడా అడగరు. అందుకే యతాయ్‌ల విషయంలో ముప్పాతిక జాగ్రత్త బండి దగ్గర కాదు, నాలుగు రోజుల ముందు గైడుకి రాసే మెసేజ్‌లోనే పడాలి.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. యతాయ్ మన మిర్చి బజ్జీల బండికి చుట్టమే, కాకపోతే కూర్చుని తినే బండి. సాయంత్రం తోసుకొచ్చి పేవ్‌మెంట్ మీద విప్పుతారు, తెల్లారేలోపు మడిచి తీసుకెళ్లిపోతారు. ఫుకువోకా నగరం 2013లో వీటికోసం విడిగా నిబంధనలు చేసింది. తెంజిన్, నకాసు, నగహామా ప్రాంతాలన్నీ కలిపితే దాదాపు వంద బండ్లు ఉంటాయి. ఒక్కోటి మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. అందులోనే పొయ్యి, వండే మనిషి, భుజాలు రాసుకుంటూ కూర్చున్న ఎనిమిది పది మంది.

గైడుకి ముందే రాయాల్సింది

'వెజ్', 'నాన్‌వెజ్' అనే మాటలు వదిలేయండి. మీరు తిననిదాన్ని పేరుపేరునా రాయండి.

మొదట రాయాల్సింది దాషి గురించి. బొనిటో అనే చేపని ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెడతారు. దాన్ని చిత్రిక పట్టిన చెక్క పొట్టులా పల్చగా తీస్తారు. ఆ పొట్టు పేరు కత్సువోబుషి, అది నానిన నీళ్లు దాషి. మన వంటలో చింతపండు పులుసు ఎన్నిచోట్ల ఉంటుందో అక్కడ ఇది అన్నిచోట్ల ఉంటుంది. సముద్రపు నాచుతో చేసే కొంబు దాషి కూడా ఉంది, అది శాకాహారమే. బండి మీద మాత్రం అదొక్కటే వాడతారని ఆశ పెట్టుకోకండి.

తాకోయాకి పెనం చూడగానే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. అచ్చం గుంట పొంగనాల పెనమే. లోపల ఉండేది ఆక్టోపస్ ముక్క. అది తీసేసి చేయించుకుందామంటే కుదరదు, పిండి కలిపిందే దాషితో. ఒకొనోమియాకి అనే క్యాబేజీ అట్టు కూడా అంతే. గుడ్డు తింటాను కదా అని అట్టులా చుట్టిన తమాగోయాకి చెప్పుకున్నా, అందులోనూ దాషి పోస్తారు. హకాతా బండ్ల మీదైతే దాని మధ్యలో మెంతైకో, అంటే కారం పట్టించిన చేప గుడ్లు పెట్టి చుడతారు.

ఇక్కడి రామెన్ అనే నూడుల్స్ గిన్నెలో రసం పాలలా తెల్లగా ఉండేది పంది ఎముకల్ని గంటల తరబడి మరిగించడం వల్ల. పైనున్న ముక్కలు తీసేయమని అడిగి తింటే పంది తిననట్టు కాదు. హలాల్ తినేవాళ్లూ ఈ సంగతి గట్టిగా పట్టించుకోవాలి. గ్యోజా అనే కజ్జికాయల్లాంటి వాటిలో ఉండేదీ ఎక్కువగా పంది కీమానే.

గొడ్డు మాంసం ఒక్కటే వద్దనుకునేవాళ్లు 'గ్యూనికు' అనే మాట నేర్చుకోండి. 'నికు' అంటే మామూలుగా మాంసం. ఒసాకా వైపు వెళ్తే ఉత్త 'నికు' అన్నా గొడ్డు మాంసమనే అర్థం చేసుకుంటారు. ఓదెన్‌లో కలిసే గొడ్డు నరాల పేరు 'గ్యూసుజి'. 'గ్యూనికు వా తబెరారెమసెన్' అంటే గొడ్డు మాంసం తినలేనని. 'సకానా నో దాషి మో దమే దెస్' అంటే చేప దాషి కూడా వద్దని. మీ ఉచ్చారణ ఎలా ఉన్నా అర్థమవుతుంది. అయినా ఇవి గైడు చేత జపాన్ లిపిలో రాయించుకుని ఫోన్లో పెట్టుకోవడం మేలు. మద్యం అసలు ముట్టనివాళ్లు అది కూడా రాయాలి. మిరిన్ అనే తీపి వంట మద్యం, సాకే అనే బియ్యం మద్యం చాలా సాసుల్లో పడతాయి.

అలర్జీ వేరు, అలవాటు వేరు. నిజంగా అలర్జీ ఉంటేనే 'అరెరుగీ' అని రాయండి. పని సులువవుతుందని అబద్ధంగా ఆ మాట వాడితే బండివాళ్లు భయపడి కూర్చోనివ్వకపోవచ్చు. జపాన్‌లో ప్యాకెట్ తిండి మీద గుడ్డు, పాలు, గోధుమ, సోబా గింజ (బక్‌వీట్), వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ లాంటివి తప్పనిసరిగా రాయాలి. అప్పటికప్పుడు వండి చేతికిచ్చే బండి తిండికి ఆ చీటీ ఉండదు. పైగా ఒకటే పెనం, ఒకటే నూనె. పడనిది తగిలితే గొంతు వాచే మనిషైతే బండి మీద తినకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గైడు ఎంత నమ్మకస్తులైనా ఆ పెనం చరిత్ర వాళ్లకి తెలియదు.

మరి శాకాహారులకి ఏం మిగిలింది అంటారా? యతాయ్ మీద దాదాపు ఏమీ లేదు. ఉడకబెట్టి ఉప్పు చల్లిన ఎదమామె, అంటే పచ్చి సోయా కాయలు, ఊలాంగ్ టీ. పుల్లకి గుచ్చి కాల్చిన మిరపకాయలు ఉన్నాయి, 'షియో' అంటే ఉప్పు మాత్రమే వేసి ఇస్తారు, కానీ కోడి, పంది కాల్చిన ఊచల మీదే వాటినీ కాలుస్తారు. కాబట్టి గదిలో కడుపు నింపుకుని, బండి దగ్గరికి వేడుక చూడ్డానికి వెళ్లండి. తినే ముచ్చట పగలు తీర్చుకోవచ్చు. ఫుకువోకా పక్కనే ఉన్న దజైఫు గుడి దారిలో బియ్యప్పిండిలో తీపి ఎర్ర చిక్కుడు ముద్ద పెట్టి పెనం మీద కాల్చే ఉమెగాయె మోచి వేడివేడిగా దొరుకుతుంది. చలికాలంలో రాళ్ల మీద కాల్చిన చిలగడదుంపలూ ఉంటాయి. మా పిన్నికి మర్నాడు ఇవే పెట్టించి కొంత పాపం కడుక్కున్నాను.

గైడుతో బేరం

జపాన్‌లో 2018 జనవరి నుంచి లైసెన్సు లేనివాళ్లు కూడా డబ్బు తీసుకుని గైడు పని చేయవచ్చు. కాబట్టి లైసెన్సు లేకపోతే మోసం అని కాదు. లైసెన్సు ఉన్నవాళ్లకి కార్డు ఉంటుంది, అడిగితే చూపిస్తారు. నేనైతే అంతకంటే ఇంకో ప్రశ్న అడుగుతాను: 'ఈ బండి యజమానితో మీకు మాటలున్నాయా?' మాటలున్న గైడు ఖాళీ వేళ చూసి, ముందే అడిగి పెడతారు. లేనివాళ్లు మనతో పాటే క్యూలో నిలబడతారు.

ఫీజులో ఎన్ని గంటలు, మన తిండి ఖర్చు కలిసిందా లేదా, గైడు తిండి ఎవరు పెట్టుకోవాలి, వాన పడితే ఏమిటి, ఇవన్నీ రాతలో ఉండాలి. టిప్పు ఇవ్వక్కర్లేదు. నలుగురికి మించి ఒకే బండికి వెళ్లకండి. పెళ్లి బృందంలా తొమ్మిది మంది వెళ్తే గైడు కూడా ఏమీ చేయలేరు. వెయ్యి యెన్‌ల నోట్లు దగ్గర పెట్టుకోండి. చాలాచోట్ల నగదే నడుస్తుంది.

ఇంకో సంగతి మనవాళ్లకి అర్థం కావడానికి టైం పడుతుంది. ఇక్కడ ఎదుటిమనిషి మొహం మీద 'కుదరదు' అనడం తక్కువ. 'చొత్తో...' (కొంచెం...) అని సాగదీసి ఆగిపోయినా, 'కొంచెం కష్టమేమో' అన్నా అది కుదరదనే. గైడు అలా అన్నాక 'ఒక్కసారి అడిగి చూడండి' అని మొండికేయొద్దు. మీరు వెళ్లిపోతారు, రేపు ఆ బండికి మళ్లీ వెళ్లాల్సింది వాళ్లు.

బండి దగ్గర

ముందు టాయిలెట్‌కి వెళ్లి రండి, బండిలో ఉండదు. సూట్‌కేసులు, పిల్లల తోపుడు బండ్లు హోటల్లో వదిలేయండి. కూర్చున్న ప్రతివాళ్లూ కనీసం ఒకటైనా చెప్పుకోవాలి. నలుగురు కూర్చుని ఒక ప్లేటు పంచుకుంటే మర్యాద కాదు. వెనక మనుషులు నిలబడి ఉంటే తినగానే లేవాలి. ఉన్నవి పది కుర్చీలు, యజమానికి రాత్రి బేరం అంతా వాటి మీదే. ధరల పట్టీ బయటే ఉంటుంది, చూసి కూర్చోండి. పక్కవాళ్ల మొహాలు పడేలా ఫొటోలు తీయకండి.

బ్యాగులోంచి ఆవకాయ సీసా తీయడం మాత్రం వద్దు. ఆ మాటకొస్తే మాంసం పచ్చళ్లు జపాన్‌కి తేనే కూడదు. పశు తనిఖీ పత్రం లేని మాంసం పదార్థాలని విమానాశ్రయంలోనే ఆపేస్తారు. గోంగూర మటన్ సీసా అక్కడ ధారపోసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

తాకోయాకి తినేవాళ్లు దాన్ని పుల్లతో చీల్చి, ఆవిరి పోనిచ్చి తినండి. పైన పొర ఆరినా లోపల పిండి లావాలా ఉంటుంది. తిన్నాక పుల్లలు, గిన్నెలు ఆ బండికే తిరిగివ్వండి. 1995లో టోక్యో మెట్రోలో విషవాయువు దాడి జరిగాక బహిరంగ చెత్తబుట్టలు చాలావరకు తీసేశారు. నడుస్తూ తినడం కూడా చాలాచోట్ల నచ్చరు.

పచ్చివాటి సంగతి

యతాయ్ మీద పచ్చి చేప అమ్మకూడదు, వేడి చేసిందే ఇవ్వాలి. ఆ లెక్కన బండే క్షేమం. అసలు జాగ్రత్త కావాల్సింది అక్కడినుంచి లేచి గైడు 'ఇప్పుడు చిన్న హోటల్‌కి వెళ్దాం' అన్నప్పుడు. హకాతాలో పచ్చి మాకెరెల్ చేపని నువ్వులతో కలిపిన గోమా సాబా అంటే చెవి కోసుకుంటారు. మాకెరెల్‌లో అనిసాకిస్ అనే పురుగు ఉండే వీలుంది. వెనిగర్‌కీ, వసాబి అనే ఘాటు ముద్దకీ అది చావదు, బాగా ఉడికించాలి, లేదా మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు గడ్డకట్టించాలి. తిన్న కొన్ని గంటల్లో పొట్ట మెలిపెట్టినట్టు నొప్పి వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం తిన్నారో చెప్పండి.

ఫుకువోకా ఉన్న క్యూషూ దీవిలో పచ్చి కోడి మాంసం కూడా తింటారు. పచ్చి గొడ్డు కాలేయాన్ని 2012లో, పచ్చి పంది మాంసాన్ని 2015లో హోటళ్లలో నిషేధించారు కానీ పచ్చి కోడికి దేశమంతటికీ అలాంటి నిషేధం లేదు. స్థానికులు తింటున్నారని ధైర్యం చేయొద్దు. గర్భిణులు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు అసలు ముట్టొద్దు. ఇక్కడ గైడు మాట పక్కన పెట్టినా నేను తప్పు పట్టను.

రాత్రి, వాన

నకాసు బండ్ల వెనక వీధులు బార్లు, క్లబ్బుల వీధులు. నవ్వుతూ వచ్చి 'గంటకి ఇంతే' అని పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి, బిల్లు చూశాక నవ్వు రాదు. గైడుతో ఒప్పందం ఎక్కడ ముగుస్తుందో ముందే మాట్లాడుకోండి, నకాసు వంతెన మీద కాకుండా మెట్రో స్టేషన్ దగ్గర ముగిస్తే మేలు. ఆఖరి రైళ్లు అర్ధరాత్రి వేళకి అయిపోతాయి. తాగి సైకిల్ తొక్కడం ఇక్కడ నేరం, 2024 నవంబర్ నుంచి శిక్షలు ఇంకా పెంచారు. తాగాలంటే వయసు 20 నిండాలి. అంబులెన్స్‌కి 119, పోలీసులకి 110.

జూన్ మొదట్లో మొదలయ్యే వానలు జూలై మధ్య దాకా సాగుతాయి, ఆగస్టు, సెప్టెంబర్లలో తుపానులు. గట్టి వానకి, గాలికి చాలా బండ్లు బయటికే రావు. జూలై 15 తెల్లవారుజామున యమకాసా ఉత్సవం ముగిసే వారం, సెప్టెంబర్ 12 నుంచి 18 దాకా హకోజాకి గుడి దగ్గర వందల బండ్లతో జరిగే హోజోయా ఉత్సవం వారం, రెండూ చూడదగ్గవే. కానీ ఆ రద్దీలో అలర్జీలు, దాషి గురించి ఎవర్నీ నిలబెట్టి అడగలేం. ఉక్కకి కళ్లు తిరిగేవాళ్లూ ఉంటారు, నీళ్ల సీసా చేతిలో ఉండాలి. తిండి మీద పట్టింపులున్న పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లు అక్టోబర్ చివర్లో, నవంబర్లో మామూలు మంగళవారమో బుధవారమో ఎంచుకోండి. వాన వచ్చే సూచన ఉంటే మధ్యాహ్నమే గైడుకి ఫోన్ చేసి, బండ్లు తీస్తున్నారో లేదో కనుక్కుని అప్పుడు హోటల్‌నుంచి బయల్దేరండి.