గోదావరి డెల్టాలో సర్కారు ఇంటి సాయం, హోమ్ లోన్ మనకి వస్తాయో రావో ఎలా తెలుసుకోవాలి

ఇల్లు కట్టాలనుకోగానే చాలామంది బ్యాంకుకో, పని చేయిస్తానన్న మనిషి దగ్గరికో వెళ్లిపోతారు గానీ ముందు తేల్చుకోవాల్సింది మీ ఊరు ఏ లెక్కలో ఉందన్నది. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో గ్రామీణ్ వేరు, అర్బన్ 2.0 వేరు, డబ్బులూ వేరే రూల్సూ వేరే. పాలకొల్లు, భీమవరం, అమలాపురం టౌన్‌లో ఉన్నోళ్లకి డౌటే లేదు, అర్బన్. చిక్కంతా చుట్టుపక్కల పంచాయతీలతోనే అండి, చుట్టూ చేలూ కొబ్బరి తోటలే ఉన్నా ఊరు ఉడా (పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే అర్బన్ కిందకి వచ్చే అవకాశం ఉంది. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడిగితే చెప్పేస్తారు, ఇది తేలకుండా కాగితాలు జిరాక్సులు తీయించడం దండగ.

గ్రామీణ్ అయితే 25 చదరపు మీటర్లకి, అంటే సుమారు 270 చదరపు అడుగులకి తగ్గకుండా కట్టుకోవాలి, మనలాంటి మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు ఇస్తారు, అది కాక ఉపాధి హామీలో 90 రోజుల కూలి, మరుగుదొడ్డికి 12,000. కావాలంటే బ్యాంకు నుంచి 70,000 వరకు లోన్ ఇప్పించే వీలు కూడా స్కీములోనే ఉంది. నిజం చెప్పాలంటే మన నేలలో మెరక తోలి పునాది లేపేసరికే ఇందులో పెద్ద ముక్క పోతుంది, కాబట్టి దీన్ని సాయం అనుకోండి, ఇంటి ఖర్చు అనుకోకండి.

ఎవరికి రాదు అన్నదే అసలు సంగతి. పక్కా ఇల్లు ఉంటే ఎలాగూ రాదు. 2024లో రూల్స్ కొంచెం సడలించారు, బైకు, ఫ్రిజ్, ల్యాండ్‌లైన్, మోటారు బోటు ఉన్నా ఇప్పుడు ఫర్వాలేదు (అంతర్వేది వైపు వేటకెళ్లేవాళ్లకి ఇది పెద్ద ఊరటే), ఇంట్లో ఒకరి సంపాదన నెలకి 10,000 దాటకూడదన్నది 15,000 చేశారు. కానీ ఆటో ఉంటే ఇప్పటికీ అవుటే. ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగి ఉన్నా, ఎవరైనా ఇన్‌కమ్ టాక్స్ కడుతున్నా అంతే. పొలం విషయంలో నీటి వసతి ఉన్నది 2.5 ఎకరాలు, లేనిది 5 ఎకరాలు అని లిమిట్ పెట్టారు గానీ ధవళేశ్వరం కింద మనకి అంతా కాలవ నీరే కదా, ఆ 5 ఎకరాల మాట మర్చిపోండి. సొంత పొలమే లెక్క, కౌలుకి చేసేది కాదు.

మన వైపు ఎక్కువమంది ఆగిపోయేది రెండు చోట్లండి. ఒకటి కిసాన్ క్రెడిట్ కార్డు, దాని లిమిట్ 50,000 గానీ ఆపైన గానీ ఉంటే రాదు, ఎకరంన్నర వరికే ఆ లిమిట్ దాటిపోవచ్చు, అందుకని ఇల్లు లేనివాళ్ల పేర్లు రాసుకునే సర్వేకి ముందే పాస్‌బుక్‌లో ఎంతుందో చూసుకోండి. రెండోది గల్ఫ్ జీతం, ఇంట్లో అమ్మాయి కువైట్‌లో పని చేస్తుంటే ఆ 15,000 రూలు దగ్గరే ఆగుతుంది, దాచి రాయించుకుంటే తర్వాత వెరిఫికేషన్‌లో పోతుంది.

ఊరు అర్బన్ కిందకి వస్తే లెక్క మారిపోద్ది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపుంటే సొంత స్థలంలో కట్టుకోడానికి మొత్తం 2.5 లక్షలు, అందులో కేంద్రం వాటా 1.5 లక్షలు. 9 లక్షల వరకు ఉన్నోళ్లకి హోమ్ లోన్ మీద వడ్డీ రాయితీ ఉంది, ఇల్లు విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు మించకూడదు, 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ శాంక్షన్ అయిన లోన్ అయ్యుండాలి, మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, మొత్తమ్మీద 1.80 లక్షలు దాటదు. ఇది చేతికి రాదు, ఏడాదికొకటి చొప్పున 5 వాయిదాల్లో లోన్ ఖాతాలో పడుతుంది. ఇంకో మాట, వాయిదా వచ్చే టైముకి అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి, పంటో చెరువో కలిసొచ్చిందని లోన్ తొందరగా తీర్చేస్తే మిగతా వాయిదాలు పోయినట్టే, ముందు లెక్క వేసుకుని కట్టండి.

అర్బన్‌లో భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిపి ఒక కుటుంబం, వీళ్లలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ ఇంటి స్కీమూ వాడి ఉండకూడదు. ఇందిరమ్మ ఇల్లు పేరు మీద ఉంటే అది ఆ 20 ఏళ్లలోపుదో కాదో తేలడానికి హౌసింగ్ వాళ్ల దగ్గర రికార్డు చూపించమనండి.

రెండు స్కీముల్లోనూ ఆధార్, ఆధార్‌కి లింకయిన బ్యాంకు ఖాతా, స్థలం కాగితం కావాలి, గ్రామీణ్‌కి జాబ్ కార్డు కూడా. ఇల్లు ఆడవాళ్ల పేరున గానీ జాయింటుగా గానీ పెడితే మంచిది. కాలవ గట్టు మీదో పుంతలోనో ఉంటున్నవాళ్లకి స్థలం కాగితమే ఉండదు కాబట్టి ఇంటికి కాదు, ముందు ఇళ్ల స్థలానికి అర్జీ పెట్టండి, ఇప్పుడు పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంటున్నారు, అర్జీ ఇచ్చాక రసీదు నంబరు అడిగి తీసుకోండి.