రన్ అంటే పరుగు కాదు: క్రియను వదిలి కర్తను పట్టుకోండి

ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలాకాలం పాటు ‘సెట్’ అనే చెప్పేవారు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పులో దానికి దాదాపు 430 అర్థాలున్నాయి. తర్వాతి కూర్పు కోసం ‘రన్’ను మళ్లీ రాసినప్పుడు ఒక్క క్రియగానే 645 లెక్క తేలింది. ఇంకో నిఘంటువు తీస్తే లెక్క మారిపోతుంది. దగ్గర దగ్గరి అర్థాలను ఒకరు విడగొడతారు, ఒకరు కలిపేస్తారు. అనువాదం చేసేవాళ్లకు ఆ అంకెతో పెద్ద పని లేదు. ముందున్న వాక్యంలో ‘రన్’కు తెలుగులో ఏం రాయాలన్నదే వాళ్ల చిక్కు.

ఆ చిక్కు విప్పాలంటే ముందు ‘రన్’ను పక్కన పెట్టి, రన్ అయ్యేది ఏదో చూడండి. ఇంగ్లీషులో మనిషి, మోటారు, ముక్కు, కాలువ, సినిమా అన్నీ ఒకే క్రియతో గడుపుకుంటాయి. తెలుగులో దేని క్రియ దానిదే. మనిషి ఉరుకుతాడు. మోటారు ఆడుతుంది. ముక్కు కారుతుంది. కె.సి. (కర్నూలు–కడప) కాలువ పారుతుంది. ప్రొద్దుటూరు బస్సు తిరుగుతుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. చీర రంగు దిగుతుంది. 40వ నంబరు జాతీయ రహదారి కర్నూలు నుంచి నంద్యాల, కడప, రాయచోటి మీదుగా చిత్తూరుకు పోతుంది. కర్త తెలిస్తే సగం పైన వాక్యాలు అక్కడే తేలిపోతాయి.

ఒక వాక్యం తీసుకుందాం: ‘ది మోటార్ రాన్ ఆల్ నైట్, అండ్ ది బోర్ రాన్ డ్రై బై మార్నింగ్.’ ఇందులో రాన్ రెండుసార్లు వచ్చింది. రెండింటికీ ఒకే తెలుగు మాట వాడదామని చూస్తే వాక్యం చెడిపోతుంది. ‘రాత్రంతా మోటారు ఆడింది, తెల్లారేసరికి బోరు ఎండిపోయింది’ అంటే సరి. రెండో రాన్‌కు విడిగా క్రియే అక్కర్లేదు, ‘డ్రై’తో కలిసి ‘ఎండిపోయింది’ అయింది.

తర్వాత చూడాల్సింది కర్మ. ఎవరో దేన్నో రన్ చేస్తున్నారంటే, ఆ ‘దేన్నో’ను బట్టి మాట మారుతుంది. అంగడిని నడుపుతారు. గోడ వెంబడి వైరును లాగుతారు. పత్రికలో ప్రకటన వేస్తారు. స్నానానికి నీళ్లు పడతారు. ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. ‘రన్నింగ్ ఎ టెంపరేచర్’ అంటే జ్వరం కాస్తోందని. టెంపరేచరు నడుస్తోందని రాసే అనువాద యంత్రానికి జ్వరం రాదు కాబట్టి తెలియకపోవచ్చు, రాసే మనిషికి తెలియాలి.

మూడోది, క్రియ వెనక అంటుకునే చిన్న మాట. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ‘రన్ ఓవర్’నే చూడండి. పాలైతే పొంగినాయి. కుక్క మీద లారీ అయితే, కుక్క లారీ కింద పడింది. మీటింగైతే అనుకున్న టైము దాటిపోయింది. ప్రసంగం కాగితాన్నైతే ఇంకోసారి చూసుకున్నారు. ‘రన్ ఇన్‌టు’ కూడా అంతే. పాత స్నేహితుడైతే ఎదురుపడ్డాడు, కరెంటు స్తంభమైతే బండి గుద్దుకుంది, నష్టమైతే లక్షల్లోకి పోయింది. ‘రన్ అవుట్ ఆఫ్’ వస్తే కర్తనే మార్చేయండి. ‘మేము చక్కెర నుంచి’ అని మొదలుపెడితే వాక్యం గట్టెక్కదు, ‘చక్కెర అయిపోయింది’ అంటే చాలు.

నామవాచకంగా వచ్చే రన్‌తో పెద్ద తంటా లేదు. క్రికెట్‌లో పరుగు, కోళ్లకైతే కంచె వేసిన దొడ్డి, ‘ఇన్ ది లాంగ్ రన్’ అంటే పోను పోను.

ఎన్నికల రన్ కాస్త తమాషాగా ఉంటుంది. అమెరికావాళ్లు ఎన్నికలకు రన్ చేస్తారు, బ్రిటన్‌వాళ్లు స్టాండ్ అంటారు. మనకూ అభ్యర్థి కడపలో ‘నిలబడతాడు’. ఉరికేది ఓట్ల కోసం, ఆ ఉరుకు క్రియలోకి రాలేదు.

కరపత్రాలు, లేబుళ్లు అనువదించేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చేతులు ‘రన్నింగ్ వాటర్’ కింద కడుక్కోమంటే చాలామంది ‘ప్రవహించే నీటిలో’ అని రాస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ చదివినవాళ్లకు కాలువో వంకో గుర్తొస్తుంది. అసలు ఉద్దేశం, చెంబులో నిలవున్న నీళ్లలో చేతులు ముంచొద్దని. కాబట్టి ‘కొళాయి కింద, ధారగా పడే నీళ్లతో’ అని రాయాలి. కొళాయి లేని ఇల్లుంటే ‘చెంబుతో పైనుంచి పోయించుకుని’ అని కలపండి. బట్టల లేబుల్ మీద ‘కలర్స్ మే రన్’ ఉంటే ‘రంగు దిగుతుంది, విడిగా నానబెట్టండి’ అనాలి. ‘రంగులు పరుగెత్తవచ్చు’ అని అచ్చేస్తే చీర చెడుతుంది, అంగడి పరువూ పోతుంది.

సెట్‌కూ ఇదే పద్ధతి. పొద్దు గుంకుతుంది, పెరుగు తోడుకుంటుంది, సిమెంటు గట్టిపడుతుంది, ఉంగరంలో రాయి పొదుగుతారు, అలారం పెడతారు, పెళ్లికి ముహూర్తం పెడతారు, ఎలుకకు బోను పెడతారు. ‘పెట్టు’ చాలాచోట్ల సరిపోతుందని అన్నిచోట్లా పెట్టేయకండి. పొద్దు దగ్గర ‘పెట్టు’ పనికిరాదు. టేక్, గెట్ వస్తే కర్మ మీదే ఎక్కువ చూపు పెట్టండి, వాటికి కర్త పెద్దగా దారి చూపదు.

మాట కుదిరిందో లేదో తేలాలంటే వెనక్కి వెళ్లి చూడండి. మీరు రాసిన తెలుగు క్రియను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వెతకండి. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తయారుచేసిన నిఘంటువు 1852లో అచ్చయింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ ఉచితంగా దొరుకుతుంది. ‘పారు’, ‘కారు’, ‘ఆడు’ కింద ఆయన ఇచ్చిన అర్థాల్లో మీకు కావలసింది ఉంటే సరే. లేకుంటే ఆ పని చేసుకునే మనిషికి వాక్యం చదివి వినిపించండి. బోరు సంగతి రైతుకు, వైరు సంగతి ఎలక్ట్రీషియన్‌కు తెలిసినంతగా ఏ నిఘంటువుకూ తెలియదు.

తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడు ఇదే గొడవ తిరగబడుతుంది. ‘కొట్టు’ మన రన్ లాంటిది. ట్యూబులో గాలి కొడతాం, గోడకు రంగు కొడతాం, హారన్ కొడతాం, ఫోన్ కొడతాం, కూర పాడైతే వాసన కొడుతుంది. వీటిలో ఒక్కదానికీ ‘బీట్’ రాయలేం. ఇక్కడా కర్మనూ, దాని పక్కనున్న విభక్తినీ చూడాలి. ‘మిరప చేనుకు మందు కొట్టినాడు’ అంటే పిచికారీ. అందులోంచి ‘చేనుకు’ తీసేస్తే, అదే మనిషి సాయంత్రం చేసిన పని అవుతుంది.