చెన్నైలో ల్యాండ్‌ఫిల్ (చెత్తను పొరలుగా పూడ్చే స్థలం) నడిపేవాళ్ళకు: ఐప్పసి వానలు దిగేలోపు

హైదరాబాద్, విజయవాడ వైపు పనిచేసి చెన్నై సైటుకు వచ్చిన సూపర్‌వైజర్లు మొదట తప్పేది క్యాలెండర్ దగ్గర. అక్కడ అంతా జూన్‌కి సిద్ధపడతారు. ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చుట్టుపక్కలవాళ్ళు "ఐప్పసి అడమళై" (తమిళ నెల ఐప్పసిలో పడే ముసురు వాన) అనేది దీన్నే. నిబంధనల్లో "వర్షాకాలానికి ముందు" అని ఉంటుంది తప్ప నెల రాసి ఉండదు. మే నెలలో కప్పిన మట్టి మీద ఆగస్టంతా టిప్పర్లు తిరిగితే అక్టోబరుకి అక్కడ గోతులే మిగులుతాయి.

ముందు కాగితాలు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల కింద రోజుకు 5 టన్నులు దాటితే తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలికి ఫారం-1 పెట్టి అనుమతి తీసుకోవాల్సి ఉండేది. వాటి స్థానంలో 2026లో కొత్త నిబంధనలు వచ్చాయి. 2016 నిబంధనల షెడ్యూల్-1లో ఇచ్చిన స్థలం కొలతలు ఇవి: నదికి 100 మీటర్లు, చెరువుకూ హైవేకూ ఇళ్ళకూ మంచినీటి బావులకూ 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్లు. అడుగున 90 సెం.మీ. బంకమట్టి, దానిమీద 1.5 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు. భూగర్భజలం ఎంత పైకొచ్చినా బంకమట్టి అడుగుకు 2 మీటర్ల కిందే ఉండాలి. చెన్నైలో చాలా స్థలాలు పనికిరావని ఇక్కడే తేలిపోతుంది. పెరుంగుడి డంపు ఉన్నది పళ్ళికరణై చిత్తడినేలలో. 2022లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలలకు ఇచ్చేది) వచ్చిన నేల అది. ఇలాంటిచోట ఏప్రిల్‌లో బోరు వేసి చూపించే నీటిమట్టానికి విలువ లేదు, డిసెంబరులో కొలవాలి.

షీటు పరిచేటప్పుడు ఎండను లెక్కలో పెట్టుకోండి. నల్ల షీటు పది గంటలకల్లా సాగి అలలు అలలుగా లేస్తుంది. ఆ స్థితిలో పైన, చెత్త నీళ్ళు పారేందుకు వేసే కంకర పోస్తే అల మడతపడి నొక్కుకుపోతుంది, కొన్నాళ్ళకు ఆ మడత దగ్గరే చిట్లుతుంది. తెల్లవారుజామున షీటు బిగిసి ఉన్నప్పుడే కంకర పోయించాలి. కంకర మీద పడే మొదటి చెత్త పొర మెత్తటిదై ఉండాలి. అందులో ఒక్క ఇనుపచువ్వ ఉన్నా డోజరు బరువుకి సూటిగా షీటులోకి దిగుతుంది.

రోజువారీ పనిలో సగం, చెత్త పోసే ముఖాన్ని, అంటే ఆ రోజు చెత్త దించే చోటును, చిన్నదిగా ఉంచడమే. కాటా దాటిన బండి ఎక్కడ దొరికితే అక్కడ దించేస్తే సాయంత్రానికి కప్పడానికి మట్టి చాలదు. వాలు 1:3 (ఎత్తు ఒకటికి అడ్డం మూడు) దగ్గర పెట్టుకుని, చెత్తను కింద దింపించి పైకి నెట్టించండి. అరమీటరుకు మించని పొర, దానిమీద కంపాక్టర్ మూడు నుంచి ఐదుసార్లు. రెండుసార్లు తిప్పి ఐదని రాసిన చోట తర్వాత కుంగుతుంది, అక్కడే నీళ్ళు నిలుస్తాయి.

పని ముగిశాక కనీసం 10 సెం.మీ. మట్టి గానీ కట్టడాల శిథిలాలు గానీ కప్పాలి. వాసన, ఈగలు, పక్షులు, నిప్పు అన్నిటికీ ఇదే అడ్డుకట్ట. అయితే బంకమట్టి వాడితే ఒక తిరకాసు ఉంది. ఏ రోజుకారోజు పడిన మట్టి లోపల పళ్ళెంలా మిగిలిపోయి, చెత్త నీళ్ళను కిందికి దిగనివ్వదు. పొద్దున్నే కొత్త చెత్త పోసే ముందు నిన్నటి మట్టిని గీకించి పక్కకు తీయించండి. శిథిలాల పొడైతే ఈ బాధ తక్కువ.

సెప్టెంబరు ఆఖరులోపు, వాడకంలో లేని భాగమంతటా 40 నుంచి 65 సెం.మీ. మట్టి వేసి, తొక్కించి, బయటివైపు వాలు పెట్టాలి. మందాన్ని కాంట్రాక్టరు మాటమీద ఒప్పుకోకండి. పదడుగులకొకచోట చిన్న గుంట తీయించి టేపుతో కొలవండి. వాననీటి కాలువ వేరు, చెత్త నీటి పైపు వేరు. రెండూ ఎక్కడా కలవకూడదు. కలిస్తే శుద్ధి చేయాల్సిన నీరు ఒక్క తుపానుకే ఎన్నో రెట్లవుతుంది.

శుద్ధిచేసిన నీటిని కాలువలోకి వదలాలంటే బీఓడీ (నీటిలో కుళ్ళే మలినం ఎంతుందో చూపే కొలత) లీటరుకు 30 మి.గ్రా., కరిగిన లవణాలు 2,100 మి.గ్రా. దాటకూడదు. గాలి కొట్టే ట్యాంకులతో బీఓడీ తగ్గుతుంది గానీ ఉప్పు తగ్గదు. దానికి ఆర్‌ఓ కావాలి. ఆర్‌ఓ వదిలిన చిక్కటి నీటిని మళ్ళీ సెల్‌లోనే (చెత్త నింపే భాగంలోనే) పోయిస్తే, ఆ ఉప్పు తిరిగి తిరిగి మీ ట్యాంకుకే వస్తుంది.

చెత్త కుళ్ళి వచ్చే మీథేన్ వాయువు, అది పేలగల కనీస స్థాయిలో నాలుగో వంతు దాటకుండా చూడాలి, అంటే గాలిలో దాదాపు 1.25 శాతం. చెత్త నీటి మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపొద్దు, ఒక్క నిమిషానికైనా సరే. లోతున నిప్పు రాజుకుంటే పైన నీళ్ళు చల్లినా ఆరదు. హిటాచీతో తవ్వి పరిచి, తడిపి, మట్టి కప్పాలి.

వానల్లో పక్క వాలు నుంచి నల్లనీరు ఊరడం మొదలైతే అందరూ మొదట చేసేది అక్కడ బంకమట్టి అద్దడం. నీరు ఇంకో రెండడుగుల అవతల తేలుతుంది. ఊట ఉన్నచోట లోపలికి గాడి తవ్వి, కంకర నింపి, కింది డ్రైనేజీ పొరకు దారి చూపించాకే పైన మట్టి వేయండి.